స్పెక్ట్రమ్ ఒకటి కొందామని: రబ్బరు కీల 48కె, ప్లస్ 2, ప్లస్ 3... ఏది?

#1 కొత్తచేయి

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాంలో) 1980లనాటి ఇంటి కంప్యూటర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌తో కాలక్షేపం చేస్తున్నాను. మొదట్లో ఆటలు, తర్వాత బేసిక్, ఈ మధ్య దాని ప్రాసెసర్ జెడ్80కి అసెంబ్లీ కూడా రాయడం మొదలుపెట్టాను. ఇక అసలు యంత్రం మీద చేయి పడితే తప్ప నిద్ర పట్టేలా లేదు.

మూడు కనబడ్డాయి. ఒకటి రబ్బరు కీల 48కె. అట్టపెట్టె లేదు, అడాప్టర్ లేదు, "పరీక్షించలేదు" అని రాశారు. రెండోది ప్లస్ 2, "పనిచేస్తోంది" అన్నారు కానీ ఫొటో చీకట్లో తీశారు. మూడోది ప్లస్ 3, డిస్క్ డ్రైవ్ చదవడం లేదట. ధర చూస్తే 48కె అన్నిటికంటే తక్కువ, ప్లస్ 3 అన్నిటికంటే ఎక్కువ.

నా టీవీకి హెచ్‌డీఎంఐలు కాక ఒక పసుపు రంగు కాంపోజిట్ సాకెట్ ఉంది. సోల్డరింగ్ అంటే తెగిన ఇయర్‌ఫోన్ తీగలు అతికించిన అనుభవం ఉంది, అంతే. 48కె అంటే 48 కిలోబైట్ల మెమరీ, ప్లస్ 2, ప్లస్ 3లలో 128కె. 48 కంటే 128 ఎక్కువే కదా, మరి సగం మంది ఇంకా 48కె అంటూ ఎందుకు కూర్చుంటారు? కొంచెం దారి చూపండి.

#2 రబ్బరుపిచ్చి

48కె. ఇంకో మాట లేదు.

స్పెక్ట్రమ్ అనగానే కళ్ళ ముందు మెదిలేది ఏది? ఆ నల్ల పెట్టె, మూలన వాలుగా ఇంద్రధనుస్సు గీతలు, వేలు పెడితే మెత్తగా దిగే 40 కీలు. మిగతావన్నీ క్యాసెట్ ప్లేయర్‌కు కీబోర్డు అతికించినట్టు ఉంటాయి. అన్నట్టు ఎమ్యులేటర్‌లో నాలుగేళ్ళు ఆడారు కదా, అందులో 128కె ఆటలు ఎన్ని? నిజం చెప్పండి.

#3 టేపుచుట్ట

రబ్బరుపిచ్చి గారు మొదలెట్టేశారు. కొత్తచేయి గారూ, మీరు మూడు మోడళ్ళు అనుకుంటున్నారు కానీ నిజానికి రెండు కుటుంబాలు. అది తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ స్పెక్ట్రమ్‌ను విడుదల చేసింది. 16కె 125 పౌండ్లు, 48కె 175 పౌండ్లు. హార్డ్‌వేర్ రిచర్డ్ ఆల్ట్‌వాసర్‌ది, లోపలి బేసిక్ స్టీవ్ వికర్స్‌ది, ఆ రూపం రిక్ డికిన్సన్‌ది. 1984 అక్టోబర్‌లో అదే బోర్డుకు గట్టి ప్లాస్టిక్ కీలు, పక్కన ఒక రీసెట్ బటన్ పెట్టి స్పెక్ట్రమ్ ప్లస్ అన్నారు. పైకి కొత్తది, లోపల పాతదే. 128కె మొదట 1985లో స్పెయిన్‌లో వచ్చింది. బ్రిటన్‌కు 1986 ఆరంభంలో చేరింది. కుడి పక్కన పెద్ద హీట్‌సింక్ (వేడిని వదిలే లోహపు పలక) బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ టోస్ట్‌ర్యాక్ అంటారు. 1986 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంప్యూటర్ వ్యాపారం 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ చేతికి వెళ్ళింది. ఆ ఏడే బూడిద రంగు ప్లస్ 2 వచ్చింది. అంటే టోస్ట్‌ర్యాక్ బోర్డునే కాస్త మార్చి, అసలైన కీబోర్డు, పక్కనే క్యాసెట్ డెక్ పెట్టి 149 పౌండ్లకు అమ్మారు.

ఇక్కడిదాకా ఒక కుటుంబం. 1987లో ప్లస్ 3తో రెండో కుటుంబం మొదలైంది. ఆమ్‌స్ట్రాడ్ బోర్డును మళ్ళీ మొదటినుంచి గీసింది. అదే బోర్డులోంచి డిస్క్ తీసేసి క్యాసెట్ పెట్టి నల్ల రంగు ప్లస్ 2ఏ చేసింది. పేరు చూసి ప్లస్ 2కి తమ్ముడు అనుకుంటారు, కానీ అది ప్లస్ 3కి తమ్ముడు. ఈ సంగతి తెలియక డబ్బులు పోసిన వాళ్ళు ఈ వేదికలోనే అరడజను మంది ఉంటారు. అందులో నేనొకణ్ణి.

#4 సీసంపొగ

చరిత్ర బాగుంది. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం: టీవీ.

ఏ మోడల్ అన్నది తర్వాత, బొమ్మ ఎలా తెప్పించుకుంటారన్నది ముందు. 48కె నుంచి బయటికి వచ్చేది ఆర్ఎఫ్ (టీవీ యాంటెన్నా సంకేతం) ఒక్కటే. యాంటెన్నా సాకెట్‌లో పెట్టి 36వ ఛానెల్ దగ్గర ట్యూన్ చేయాలి, బొమ్మ ఇసుక జల్లినట్టు ఉంటుంది. కానీ లోపల కాంపోజిట్ సంకేతం తయారుగా ఉంది. ఆ ఆర్ఎఫ్‌ను తయారుచేసే మాడ్యులేటర్ డబ్బాకు వెళ్ళే రెండు తీగలు విప్పి, డబ్బా లోపల సాకెట్‌కు అంటుకున్న రెసిస్టర్‌ను తప్పించి, వీడియో తీగను నేరుగా సాకెట్ మధ్య పిన్నుకు కలిపితే చాలు. పది నిమిషాల పని. కొందరు మధ్యలో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేస్తారు, నేనూ వేస్తాను. మీ పసుపు సాకెట్‌కు సరిపోతుంది, టీవీ 50 హెర్ట్జ్ పాల్ చదవగలిగితే.

బూడిద ప్లస్ 2కి వెనక గుండ్రటి 8 పిన్నుల డిన్ సాకెట్ ఉంది. అందులో ఆర్‌జీబీ, కాంపోజిట్ రెండూ ఉన్నాయి. ప్లస్ 2ఏ, ప్లస్ 3లకూ అదే ఆకారంలో సాకెట్ ఉంటుంది కానీ కాంపోజిట్ ఉండాల్సిన పిన్ను మీద 12 వోల్టులు పెట్టారు. కాంపోజిట్ వాటిలో లేనే లేదు. ఒకదాని కేబుల్ ఇంకోదానికి పెట్టారంటే ఆ 12 వోల్టులు మీ టీవీ వీడియో సాకెట్‌లోకి వెళ్తాయి. నేను బతిమాలుతున్నాను, చేయకండి.

#5 ఎమ్యులేటర్_చాలు

మళ్ళీ ఒక అమాయకుణ్ణి నలభై ఏళ్ళనాటి ఇనుముకు బలి ఇస్తున్నారు. 2024లో రబ్బరు కీలతో సహా ది స్పెక్ట్రమ్ అని కొత్తది వచ్చింది కదా. హెచ్‌డీఎంఐ ఉంది, 48 ఆటలు లోపలే ఉన్నాయి, కాలిపోయే ర్యామ్ లేదు. ఇంకా మనసు పడితే ఎఫ్‌పీజీఏతో (పాత సర్క్యూట్‌లా మలచుకోగల చిప్‌తో) చేసిన నెక్స్ట్ ఉంది. పాతది కొని అల్మరాలో పెట్టుకోవడానికా?

#6 కొత్తచేయి

ఎమ్యులేటర్_చాలు గారూ, మీ మాట కాదనను. కానీ నా దగ్గర ఉన్న ఎమ్యులేటర్‌నే ఇంకో డబ్బాలో పెట్టి కొనుక్కున్నట్టు ఉంటుంది కదా అది. నేను రాసిన ప్రోగ్రాం ఆ పాత చిప్ మీద నడుస్తుంటే చూడాలని ఉంది. తర్కం ఏమీ లేదు, ఒప్పుకుంటాను.

రబ్బరుపిచ్చి గారూ, 128కె ఆటలు లెక్కపెట్టాను. రెండు.

#7 పక్కింటి_జెడ్80

రాస్తున్నారు అన్నారు కాబట్టి నా రెండు ముక్కలు.

స్పెక్ట్రమ్‌లో తెర జ్ఞాపకం 6912 బైట్లు. 6144 చుక్కలకు, 768 రంగులకు. 8×8 చుక్కల గడికి రెండే రంగులు, అందుకే బొమ్మ కదిలితే వెనక రంగును కూడా లాక్కుపోతుంది. ఇది అన్ని మోడళ్ళలో ఒకటే. 128 కొన్నంత మాత్రాన రంగులు పెరగవు. చాలామంది ఇక్కడే మోసపోతారు.

తేడా ఎక్కడంటే టైమింగ్‌లో. 48కెలో యూఎల్ఏ చిప్ తెరను గీస్తూ కింది 16కె ర్యామ్‌ను వాడుకుంటుంది. ఆ సమయంలో ప్రాసెసర్ అదే ర్యామ్‌ను అడిగితే "ఆగు" అంటుంది. ఒక ఫ్రేముకు 48కెలో 69,888 టీ-స్టేట్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు), 128లోనూ బూడిద ప్లస్ 2లోనూ 70,908. గడియారం కూడా 3.5 నుంచి దాదాపు 3.55 మెగాహెర్ట్జ్‌కు జరిగింది. మామూలు ఆటకు ఇది పట్టదు. బార్డర్‌లో (తెర చుట్టూ ఉండే అంచులో) రంగుల గీతలు లెక్కపెట్టి గీసే ప్రోగ్రాములకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. 128లో బేసి బ్యాంకులు (16కె ర్యామ్ ముక్కలు) 1, 3, 5, 7 నెమ్మదిస్తాయి. ప్లస్ 3 కుటుంబంలో 4, 5, 6, 7. అంటే ఒకదానిలో వేగంగా నడిచే కోడ్ ఇంకోదానిలో కుంటుతుంది.

ఇంకోటి. 48కెలో ఏ పరికరమూ లేని పోర్టును చదివితే, ఆ క్షణంలో యూఎల్ఏ తెర కోసం చదువుతున్న బైటు మనకు దొరుకుతుంది. ఇది ఎవరూ కావాలని పెట్టింది కాదు, తీగల మీద మిగిలిపోయిన ఎంగిలి. కానీ ఆర్కనాయిడ్, కోబ్రా లాంటి ఆటలు దాన్నే గడియారంగా వాడుకున్నాయి. ప్లస్ 2ఏ, ప్లస్ 3లలో ఆ ఎంగిలి అదే చోట దొరకదు, ఆట తొలి విడుదల అక్కడ ఆగిపోతుంది.

నా మాట: నేర్చుకోవడానికి 48కె, కోరికలు పెరిగాక 128.

#8 బీపర్‌బాబు

అందరూ చూపు గురించే మాట్లాడుతున్నారు, చెవి సంగతి ఏమిటి?

128 నుంచి ఏవై-3-8912 అనే శబ్దాల చిప్ వచ్చింది. మూడు స్వరాలు ఒకేసారి. 48కెలో ఉన్నది ఒక్క బిట్. స్పీకర్‌ను లోపలికి, బయటికి తన్నడమే. ఆ ఒక్క బిట్‌తో రెండు మూడు స్వరాలు ఉన్నట్టు భ్రమ కల్పించిన మహానుభావులు ఉన్నారు, వాళ్ళకు దండం. కానీ పాట మోగుతున్నంతసేపు ప్రాసెసర్ ఇంకేమీ చేయలేదు. అందుకే 48కె ఆటల్లో మెనూ దగ్గర పాట వస్తుంది, ఆట మొదలవగానే టిక్కుటిక్కుమంటుంది.

నేనైతే కళ్ళు మూసుకుని బూడిద ప్లస్ 2 అంటాను. ఒక్క చిక్కు: 128లోనూ ప్లస్ 2లోనూ లోపల స్పీకర్ లేదు. శబ్దం ఆర్ఎఫ్ ద్వారా టీవీకి వెళ్తుంది. కాంపోజిట్ కేబుల్ పెట్టుకున్నారంటే శబ్దానికి విడిగా ఇంకో తీగ లాగాలి. మొదటిసారి ఇది తెలియక, చిప్ పోయిందనుకుని నేను బోర్డు మొత్తం విప్పేశాను. చిప్ బాగానే ఉంది. తిరిగి బిగించేటప్పుడు కేసు మూల విరిగింది.

#9 రబ్బరుపిచ్చి

48కెలో స్పీకర్ లోపలే ఉంది. చెప్పాలనిపించి చెప్పాను.

#10 సీసంపొగ

ప్లస్ 3 గురించి ఎవరూ నోరు విప్పలేదు, నేను విప్పుతాను.

దానిలో ఉన్నది 3 అంగుళాల డిస్క్. మనకు తెలిసిన మూడున్నర కాదు, మూడు. ఆమ్‌స్ట్రాడ్ తన వేరే యంత్రాల్లో వాడినదే ఇందులోనూ పెట్టింది. ఒక వైపు 173కె పడుతుంది, రెండో వైపు కావాలంటే తీసి తిప్పి పెట్టాలి. ఆ డిస్కులు కొత్తవి ఎవరూ తయారు చేయడం లేదు. "డ్రైవ్ చదవడం లేదు" అంటే పదింట ఎనిమిదిసార్లు లోపలి రబ్బరు బెల్టు. ఏళ్ళ తరబడి ఉండి సాగిపోతుంది, లేదా తారులా కరిగి పుల్లీకి అంటుకుంటుంది. స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు వేస్తే చాలాసార్లు లేస్తుంది. కాకపోతే ఆ డ్రైవ్ తీసేసి యూఎస్‌బీ నుంచి డిస్క్ బొమ్మలు చదివే ఫ్లాపీ ఎమ్యులేటర్ పెట్టుకోవచ్చు.

అయితే ఒక మాట. ఫ్లాపీ ఎమ్యులేటర్ పెట్టేటట్టయితే ప్లస్ 3 ఎందుకు కొన్నట్టు? దాని గొప్పతనం ఆ డ్రైవ్ గరగరే కదా. 1987లో 249 పౌండ్లు పెట్టి కొన్నవాళ్ళు ఆ గరగర కోసమే కొన్నారు, నిమిషాల తరబడి క్యాసెట్ వినలేక.

దానికి విద్యుత్తు కూడా వేరే. 48కె, 128, బూడిద ప్లస్ 2 మూడింటికీ 9 వోల్టుల డీసీ, ఒకే పిన్ను. ప్లస్ 2ఏ, ప్లస్ 3లకు 5, 12, మైనస్ 12 వోల్టులు విడివిడిగా ఇచ్చే పెద్ద అడాప్టర్, గుండ్రటి డిన్ ప్లగ్. అది లేకుండా యంత్రం కొంటే ఎద్దు లేకుండా బండి కొన్నట్టే.

9 వోల్టుల దాంట్లోనూ గోతి ఉంది. పిన్ను మధ్యభాగం నెగటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లు ఎక్కువగా మధ్యలో పాజిటివ్. చేతికి అందింది కదా అని గుచ్చకండి.

#11 కొత్తచేయి

సీసంపొగ గారూ, నిన్న రాత్రి మా రౌటర్ అడాప్టర్ చూసి "9 వోల్టులే కదా" అనుకున్న మాట నిజం. మీరు రాయకపోతే ఏమయ్యేదో.

ప్లస్ 3 పక్కన పెట్టేశాను. ప్లస్ 2 అమ్మేవారిని ఇంకో ఫొటో అడిగితే యంత్రాన్ని వదిలి టీవీ తెరను తీసి పంపారు. మెనూ కనబడుతోంది. నాలుగు వరుసలు: లోడర్, ప్లస్ 3 బేసిక్, కాల్క్యులేటర్, 48 బేసిక్. పనిచేస్తున్నట్టే కదా? బీపర్‌బాబు గారి మాట విని దీనికే బయానా పంపేద్దామనుకుంటున్నాను.

#12 టేపుచుట్ట

ఆగండి ఆగండి. డబ్బు పంపకండి.

"ప్లస్ 3 బేసిక్" అని ఉందా? అయితే అది బూడిద ప్లస్ 2 కాదు, నల్ల ప్లస్ 2ఏ. బూడిద దానిలో ఆ చోట "128 బేసిక్" అని, పైన "టేప్ లోడర్" అని ఉంటుంది. నల్లదానిలో డిస్క్ డ్రైవ్ లేకపోయినా ప్లస్ 3 బోర్డే కాబట్టి మెనూ కూడా దానిదే. వెనక విద్యుత్ సాకెట్ ఫొటో అడగండి. చిన్న పిన్ను అయితే నా మాట తప్పు, గుండ్రటి డిన్ అయితే ఒప్పు.

అమ్మేవారు మోసం చేస్తున్నారని అనను. చాలామంది రెంటినీ ప్లస్ 2 అనే అంటారు. నేను కొన్నప్పుడు కూడా ఇలాగే జరిగింది. అప్పటికే దాచుకున్న ఇంటర్‌ఫేస్ 1 (వెనక తగిలించే పరికరం) దీనికి పనికిరాదని ఇంటికి తెచ్చాక తెలిసింది. వెనక ఎక్స్‌పాన్షన్ సాకెట్ చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ సంకేతాలు కొన్ని మార్చేశారు. అందుకే మల్టీఫేస్ లాంటి పరికరాన్ని 48కెకి ఒకటి, 128కి ఒకటి, ప్లస్ 3కి ఒకటి విడివిడిగా చేయాల్సి వచ్చింది.

#13 కొత్తచేయి

గుండ్రటి డిన్. పెట్టె కూడా నల్లదేనట, అడిగితే చెప్పారు. టేపుచుట్ట గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నాకు కాంపోజిట్ తప్ప దిక్కు లేదు, దానిలో అదే లేదు.

#14 బీపర్‌బాబు

నావల్ల బుక్కయ్యేవారు, సారీ. కానీ ప్లస్ 2ఏ మరీ అంత చెడ్డదేమీ కాదు. ఏవై చిప్ ఉంది, కీబోర్డు బాగుంటుంది, ఆర్‌జీబీ బొమ్మ అద్దంలా ఉంటుంది. దానికి తగ్గ కేబుల్, హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా ఒకటి ఉంటే హాయి. తొలి బోర్డుల్లో శబ్దం కాస్త పగిలినట్టు వస్తుంది, రెసిస్టర్లు మారిస్తే సర్దుకుంటుంది.

#15 పక్కింటి_జెడ్80

జాయ్‌స్టిక్ సంగతి కూడా చెప్పండి మరి. ప్లస్ 2 మొదలు పక్కన రెండు జాయ్‌స్టిక్ పోర్టులు ఇచ్చారు, మామూలు 9 పిన్నుల ఆకారమే. కానీ లోపల పిన్నుల వరుస మార్చి కలిపారు. తమ జాయ్‌స్టిక్కే కొనాలని కాక ఇంకెందుకు? బయటి జాయ్‌స్టిక్ పెట్టాలంటే మధ్యలో మార్పిడి తీగ కావాలి.

ఇంకా, బూడిదదైనా నల్లదైనా ప్లస్ 2లో టేపు లోపలే ఉంది కాబట్టి బయటినుంచి శబ్దం ఎక్కించే చెవి సాకెట్ లేదు. ఫోన్ నుంచి ఆట లోడ్ చేద్దామంటే కుదరదు. క్యాసెట్ ఆకారపు అడాప్టర్‌తో తంటాలు పడాలి, లేదా సోల్డరింగ్ చేసి సాకెట్ పెట్టాలి. 48కెలో అయితే ఫోన్ తీగ చెవి సాకెట్‌లో పెడితే అయిపోయింది. ఎక్స్‌పాన్షన్ సాకెట్‌కు ఎస్‌డీ కార్డు చదివే డివ్‌ఎమ్ఎమ్‌సీ తగిలిస్తే టేపు గొడవే ఉండదు అనుకోండి, అది వేరే ఖర్చు.

#16 ఎమ్యులేటర్_చాలు

సాకెట్ సరిపోదు, అడాప్టర్ సరిపోదు, జాయ్‌స్టిక్ సరిపోదు, శబ్దం పగులుతుంది. నేను చెప్పింది మళ్ళీ ఒకసారి చదువుకోండి, అంతకంటే ఏమీ అనను.

#17 సీసంపొగ

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నేను మోడల్ అడిగిన వాళ్ళకు ఎప్పుడూ ఒకటే చెప్తాను: ఏ యంత్రం గొప్పదని చూడకండి, ఏది చెడిపోతే మీ చేతులతో బాగు చేసుకోగలరో చూడండి. ఎందుకంటే ఏది కొన్నా చెడిపోతుంది.

ఆ లెక్కన 48కెకి మార్కులు ఎక్కువ. లోపల చిప్‌లు తక్కువ, సర్క్యూట్ పటం అందరి దగ్గరా ఉంది, కొన్ని వేలమంది ఇప్పటికే విప్పి చూశారు. కానీ "పరీక్షించలేదు" అన్న మాటకు అర్థం తెలుసుకుని కొనండి. పరీక్షించారు, పనిచేయలేదు అని చదువుకోవాలి.

ఎక్కువగా పోయేది కింది ర్యామ్. 4116 అనే ఎనిమిది చిప్‌లు. వాటికి 5 వోల్టులు ఒక్కటే చాలదు, 12 కావాలి, మైనస్ 5 కూడా కావాలి. ఆ రెండూ బోర్డు మీదే టీఆర్4 అనే చిన్న ట్రాన్సిస్టర్, ఒక కాయిల్ కలిసి తయారుచేస్తాయి. పవర్ ఆన్‌లో ఉండగా వెనక ఏదైనా పరికరం పెట్టినా పీకినా టీఆర్4 చస్తుంది. మైనస్ 5 ఆగిపోయి 12 మాత్రం వస్తుంటే ర్యామ్ కూడా దాని వెంటే పోతుంది. అందుకే బోర్డు రాగానే మల్టీమీటర్ తీసి 4116 మీద కొలవండి: ఒకటో పిన్ను మైనస్ 5, ఎనిమిదోది 12, తొమ్మిదోది 5, పదహారోది గ్రౌండ్. ఈ మూడూ సరిగ్గా ఉంటే సగం గెలిచినట్టే. తెర మీద నల్ల తెల్ల చారలు వచ్చి ఆగిపోతే ర్యామ్ వైపు చూడాలి.

పాత కెపాసిటర్లు ఎలాగూ మార్చండి. గుప్పెడే ఉంటాయి. వేడి ఎక్కించే 7805 రెగ్యులేటర్ తీసి దాని స్థానంలో స్విచింగ్ రకం పెడితే కీబోర్డు కింద అట్ల పెనం ఉన్నట్టు ఉండదు.

యూఎల్ఏ మాత్రం ఫెరాంటి వాళ్ళు సింక్లెయిర్ కోసమే చేసింది. సాధారణంగా సాకెట్‌లో ఉంటుంది, పోతే తీసి ఇంకోటి పెట్టాలి. ఈ మధ్య దాని స్థానంలో పెట్టుకునే కొత్త బోర్డులు వస్తున్నాయి, కాబట్టి అది పోయినా యంత్రం మూలపడదు.

#18 రబ్బరుపిచ్చి

కీబోర్డు పొర గురించి నేను చెప్తా. రబ్బరు కింద ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని రెండు తోకలు బోర్డులోని సాకెట్లలోకి వెళ్తాయి. నలభై ఏళ్ళకు ఆ తోకలు అప్పడాల్లా పెళుసెక్కుతాయి. మూత తెరిచేటప్పుడు జాగ్రత్త, గబుక్కున లాగితే రెండూ చేతికి వస్తాయి. కొత్త పొరలు తయారవుతున్నాయి, ముందే ఒకటి తెప్పించి పెట్టుకోండి.

స్పెక్ట్రమ్ ప్లస్ కొనమని ఎవరైనా అంటే ఈ విషయంలో మాత్రం వద్దనండి. దాని పొర ఇంకా చిక్కు.

#19 టేపుచుట్ట

ఫొటోలో బోర్డు కనబడితే ఇష్యూ నంబరు (బోర్డు ఎన్నో కూర్పు అన్నది) చూడండి. ఇష్యూ 1లో యూఎల్ఏ పొరపాటు సరిదిద్దడానికి ఒక చిప్‌ను తలకిందులుగా అతికించారు, కాళ్ళు పైకి పెట్టి. దాన్ని చచ్చిన బొద్దింక అంటారు. అది ఉంటే మొదటి విడత యంత్రమన్నమాట, సేకరించేవాళ్ళు పోటీ పడతారు, ధర పెరుగుతుంది, మీకు అనవసరం. ఇష్యూ 2, 3 ఏదైనా సరే. కాకపోతే కీబోర్డు పోర్టు నుంచి వచ్చే ఒక బిట్ రెంటిలో వేరుగా ఉంటుంది, అందుకే చాలా తొలినాటి ఆటలు కొన్ని ఇష్యూ 3లో కీలు పట్టించుకోవు.

#20 కొత్తచేయి

తీసేసుకున్నాను. 48కె. ఇష్యూ 3. పొర ఇంకా ఆర్డర్ చేయలేదు, ముందు బతికి ఉందో లేదో చూద్దామని.

#21 కొత్తచేయి

రిపోర్టు. సీసంపొగ గారు చెప్పినట్టే మూత తెరిచి, మధ్య నెగటివ్ అడాప్టర్ పెట్టి కొలిచాను. 5 ఉంది. 12 ఉంది. మైనస్ 5 కూడా ఉంది! చేతులు వణికాయి, కొంచెం టెన్షన్ పడ్డ మాట నిజం. మాడ్యులేటర్ మార్పు గంటన్నర పట్టింది. పది నిమిషాలన్నారు, ఎవరి పది నిమిషాలో మరి. టీవీ పెట్టగానే తెల్ల తెర, కింద 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అని వచ్చింది. కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు సమస్య. కీబోర్డు పొర తోకలో ఒక గీత తెగినట్టుంది. పై, ఓ, ఐ, యు, వై ఐదూ నొక్కితే పలకడం లేదు. ఎరుపు సింబల్ షిఫ్ట్‌తో పి నొక్కితేనే కదా కోట్ గుర్తు వచ్చేది. లోడ్ ఆజ్ఞ తర్వాత పెట్టాల్సిన కోట్ గుర్తులు రెండు లేకుండా ఆట ఎలా లోడ్ చేయను? పొర వచ్చేదాకా బేసిక్‌లో కూడికలు చేసుకుంటూ కూర్చోవాల్సిందేనా?

(పై కాదు, పి. ఫోన్ దిద్దేసింది.)

#22 సీసంపొగ

భలే. తోక చివర తెగిన చోటిదాకా కత్తెరతో అడ్డంగా కత్తిరించి మళ్ళీ గుచ్చి చూడండి, పొడవు మిగిలి ఉంటే ఒక్కోసారి తగులుతుంది. లేదంటే పొర రావాల్సిందే.

#23 పక్కింటి_జెడ్80

కత్తెర తర్వాత. ముందు ఇది చేయండి.

లోడ్‌కు కావాల్సింది కోట్ గుర్తులు కాదు, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పదం). అది ఎక్కడినుంచి వచ్చినా రోమ్ (యంత్రంలో శాశ్వతంగా ఉన్న ప్రోగ్రాం) పట్టించుకోదు. ఇన్‌కీ డాలర్ అనే బేసిక్ మాట ఆ క్షణంలో నొక్కి ఉన్న కీని చెప్తుంది, ఏ కీ నొక్కనప్పుడు అది ఇచ్చేది ఖాళీ స్ట్రింగే. కాబట్టి ఎమ్ నొక్కండి, పాజ్ వస్తుంది. 50 కొట్టండి. సింబల్ షిఫ్ట్‌తో జెడ్, కోలన్ వస్తుంది. జె నొక్కండి, లోడ్ వస్తుంది. ఇప్పుడు క్యాప్స్ షిఫ్ట్, సింబల్ షిఫ్ట్ కలిపి నొక్కి వదిలి, ఎన్ నొక్కండి, ఇన్‌కీ డాలర్ వస్తుంది. ఎంటర్ కొట్టి వెంటనే వేలు తీసేయండి. మొదటి పాజ్ ఎందుకంటే, ఎంటర్ మీద వేలు ఇంకా ఉంటే అదే అక్షరంగా వెళ్ళి ఆ పేరు గల ఫైలు కోసం వెతుకుతుంది. 50 అంటే ఒక సెకను, వేలు తీయడానికి చాలు.

వీటిలో ఏ కీ మీ చచ్చిన ఐదింటిలో లేదు.

#24 కొత్తచేయి

మొదటిసారి ఫోన్ శబ్దం సగంలో పెట్టాను, టేప్ లోడింగ్ ఎర్రర్. శబ్దం పూర్తిగా పెంచాను. బార్డర్‌లో ఎరుపు, లేత నీలి చారలు, తర్వాత నీలి పసుపు చారలు. నాలుగున్నర నిమిషాలు. ఆట వచ్చేసింది!!

ఎడమకు క్యూ, కుడికి డబ్ల్యూ పెట్టుకున్నాను. దూకడానికి స్పేస్. ఓ, పి అడిగే ఆటలు పొర వచ్చాక.

#25 రబ్బరుపిచ్చి

బూడిద ప్లస్ 2లో అయితే మెనూలో ఎంటర్ కొడితే లోడ్ అయ్యేది, ఇంత తెలివి అవసరం పడేది కాదు. నేను ఈ మాట అన్నట్టు బీపర్‌బాబుకు చెప్పకండి.

#26 బీపర్‌బాబు

చూశాను.